గౌలిపురా మొగులయ్య కోపం

మనిషి అసలు బుద్ధి చదరంగం బోర్డు దగ్గర బయటపడుతుందని అంటుంటారు. మా ఇస్త్రీ షాపు అరుగు మీద ఏళ్ళ తరబడి ఆ ఆట నడిచింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె తోస్తూ నేను చూడని ఆట లేదు. అందుకని చెప్తున్నాను, ఆ మాట శుద్ధ అబద్ధం. బోర్డు దగ్గర బయటపడేది ఆట ఒక్కటే. మనిషి సంగతి తెలియాలంటే పావులు డబ్బాలో పోసి లేచి వెళ్ళాక ఏం చేస్తాడో చూడాలి. ఆ తేడా తెలియకనే మొగులయ్య దెబ్బతిన్నాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొగులయ్యది గౌలిపురా. తాతల నాటి నుంచి బర్రెలే బతుకు. ఇంటి వెనక కొట్టం, కొట్టం తలుపు మా గల్లీలోకి. పేరుకు యజమాని మొగులయ్య గాని, దాన్ని నడిపింది ఆయన భార్య లలితమ్మ. దాణా నానబెట్టడం, పేడ ఎత్తడం, పాలు పిండటం, చెంబులు పట్టుకొచ్చిన వాళ్ళకు కొలిచి పోయడం, అన్నీ ఆమెవే. మొగులయ్య పనల్లా క్యాన్లు సైకిలుకు కట్టుకుని షాలిబండ మీదుగా చార్మినార్ దాకా హోటళ్ళకు పాలు వేయడం, దారిలో ఎవరితోనో ఒకరితో కొట్లాడటం.

ఆయన కోపం గురించి గల్లీలో కథలుండేవి. పాలు పలచగా ఉన్నాయని ఒక టీచరమ్మ అన్నదని క్యాను మొత్తం ఆమె గడప ముందే మోరీలో వంపి, "గిప్పుడు మోరీని అడుగు, నీళ్ళున్నయో పాలున్నయో చెప్తది" అని వచ్చాడు. సాయంత్రం లలితమ్మ పోయి ఆమెను బతిమాలుకుంది. దీపావళి తర్వాత సదర్ పండగకు మొగులయ్య తన దున్నపోతుకు నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, మెడ నిండా పూలతో ఊరేగించేవాడు. ఒక ఏడు ఎవడో కుర్రాడు సరదాకి దాని కాళ్ళ దగ్గర పటాకు పేలిస్తే, డప్పులు మోగుతుండగానే వాణ్ణి పట్టుకుని చెంప పగలగొట్టాడు. వాడు మా వార్డు లీడరు మేనల్లుడని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా మొగులయ్య పోయి మాఫీ అడగలేదు.

అదే మనిషి మా అరుగు మీద బోర్డు ముందు కూర్చుంటే రాయిలా అయిపోయేవాడు. నోట్లోంచి మాట వచ్చేది కాదు. చాయ్ చల్లారిపోయేది. ఓడిపోతే ఎదుటివాడి చెయ్యి నొక్కి ఇంకో చాయ్ చెప్పేవాడు. ఆయనకు ఒకటే కాయిదా, అంటే నియమం, ఉండేది. "ఈడ కూసున్నంక ఇంటి ముచ్చట, కొట్టం ముచ్చట బంద్" అనేవాడు. ఎందుకన్నా అని ఒకసారి అడిగితే, "దినమంత మనుషులతోని లొల్లే గద కిష్టయ్యా. గీ జరంత సేపు సుకూన్‌గ, నిమ్మళంగ ఉండనీ" అన్నాడు.

తొంభై మూడో సంవత్సరం వానాకాలంలో శ్రీహరిరావు వచ్చాడు. తెనాలి వైపు మనిషి, సర్కారు ఆఫీసులో ఉద్యోగం. ఏ ఆఫీసో రాయను. రాసినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. ఇల్లు సైదాబాద్‌లో, ఆఫీసు మా దగ్గర్లో. ఆ సాయంత్రం వాన పడుతుంటే చేతిసంచి నెత్తిన పెట్టుకుని మా షాపు రేకుల కింద నిలబడ్డాడు. అరుగు మీద మొగులయ్య ఆట నడుస్తోంది. ఈయన కాసేపు చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఏవండీ, రాజు గుర్రంలా దూకాడేంటి?"

"ఒక్కసారి దూకొచ్చు" అన్నాడు మొగులయ్య తల ఎత్తకుండా.

"అలా లేదండీ రూల్సులో."

"మీ రూల్సుల లేకుంటే లేకపాయె. మా షత్రంజ్‌ల ఉన్నది."

మా దగ్గర ఆడేది దేశీ ఆట. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది, రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. శ్రీహరిరావు టోర్నమెంట్లలో ఆడిన మనిషి, ఆయనది పుస్తకాల ఆట. వాన ఆగేలోపు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక ఆట ఈ పద్ధతి, ఒక ఆట ఆ పద్ధతి. ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఆఫీసు అయ్యాక శ్రీహరిరావు మా అరుగు మీదే. గల్లీకి ఆయన రావు సాబ్ అయిపోయాడు.

ఆయన్ను చూస్తే ఎవరికైనా ఇష్టం కలిగేది. గొంతు పెంచేవాడు కాదు. ఆటోవాడు ఎక్కువ అడిగితే మాట్లాడకుండా ఇచ్చేవాడు. గల్లీలో కుక్క పడుకుని ఉంటే దాన్ని లేపకుండా చుట్టూ తిరిగి నడిచేవాడు. బోర్డు దగ్గర మాత్రం వేరు. పావు ముట్టుకుంటే అదే జరపాలి, వెనక్కి తీసుకోనిచ్చేవాడు కాదు. మొగులయ్య పొరపాటు ఎత్తు వేస్తే వెంటనే కొట్టేవాడు కాదు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఆ తప్పు మొగులయ్యకే తెలిసి మొహం మాడేదాకా ఆగి, అప్పుడు కొట్టేవాడు. నాకది నచ్చేది కాదు. మొగులయ్యకు నచ్చేది. "ఆడితే గిట్ల ఆడాలె" అని ఆయన లేచిపోయాక నాతో అనేవాడు.

దోస్తీ ఇళ్ళదాకా పోయింది. బర్రె ఈనినప్పుడల్లా జున్నుపాలు సైదాబాద్ వెళ్ళేవి. రావు సాబ్ భార్య రాధమ్మ, లలితమ్మ ఒకరింటికి ఒకరు పోవడం మొదలైంది. వాళ్ళ పాప ఉదయశ్రీ వేసవి సెలవుల్లో మా గల్లీకి వచ్చి దూడలకు పేర్లు పెట్టేది. గౌరి అనే పడ్డకు ఆ పేరు ఆ పిల్ల పెట్టిందే.

ఒకసారి ఊళ్ళో గొడవలై ఉన్నట్టుండి కర్ఫ్యూ పడింది. రావు సాబ్ ఆఫీసు నుంచి బయటపడి మా గల్లీ వైపు పరుగెత్తుకొస్తుంటే మలుపు దగ్గర కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు కొందరు అడ్డం నిలిచి పేరేంటని అడిగారు. మొగులయ్య కొట్టంలోంచి చూశాడు. లుంగీ ఎగ్గట్టి, నానా తిట్లు తిడుతూ వాళ్ళ మధ్యకు దూరి, "నా ఇంటి మనిషి, ఎవడ్రా ముట్టేది" అని ఆయన రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. కర్ఫ్యూ సడలేదాకా రావు సాబ్ వాళ్ళింట్లోనే ఉన్నాడు. మాంసం ముట్టడని లలితమ్మ ఆయనకు వేరే గిన్నెలో వండింది. ఉన్న ఒక్క నవారు మంచం ఆయనకు వేసి, ఆలుమగలు నేల మీద పడుకున్నారు. పగలంతా ఆట. రావు సాబ్ అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

రెండువేల రెండులో బర్రెల కొట్టాలు ఊళ్ళో ఉండొద్దు, బయటికి పోవాలన్న మాట పుట్టింది. ఒక మాట ముందే చెప్తాను. కొట్టాలు ఊళ్ళో ఉండకూడదనడం తప్పని నేననను. వాన పడితే మోరీలు పేడతో నిండి నా షాపులోకే వచ్చేవి. దోమలు చంపుకు తినేవి. కాయిదా మంచిదే కావచ్చు. నా మంట కాయిదా మీద కాదు.

లలితమ్మకు భయం పట్టుకుంది. గౌరి అప్పటికి పెద్ద బర్రె అయింది, నిండు సూడితో ఉంది. జల్‌పల్లిలో లలితమ్మ చెల్లెలు లీలమ్మ ఉండేది, వాళ్ళకు ఖాళీ జాగా ఉంది. గౌరిని కొన్నాళ్ళు అక్కడికి తోలుదామని లలితమ్మ అన్నది. ఈనబోయే బర్రెను జాగా మార్చడం మొగులయ్యకు ఇష్టం లేదు.

"మీ రావు సాబ్‌ను అడుగు. గదే ఆఫీసు గద ఆయనది" అన్నదామె.

"బోర్డు కాడ గసొంటివి అడుగ."

"మీ ఆటల మన్నువడ. బర్రె ఎక్కువనా నీకు, బోర్డు ఎక్కువనా?"

ఆ శనివారం మొగులయ్య తన కాయిదా తనే తప్పాడు. నేను పక్కనే చొక్కాలు మడత పెడుతున్నాను. ఆట సగంలో ఉంది.

"రావు సాబ్, ఒక మాట. మా కొట్టాలు తీసేస్తరని అంటున్నరు. నిజమేనా? ఫికర్ పడాల్నా?"

రావు సాబ్ గుర్రం మీద వేలు పెట్టి ఉన్నాడు. వేలు తీయలేదు. "పైవాళ్ళు ఇలాంటివి చాలా అంటూనే ఉంటారు మొగులయ్యా. అన్నీ జరుగుతాయా ఏంటి" అన్నాడు. గుర్రాన్ని జరిపి, "మీ ఎత్తు" అన్నాడు. ఆ ఆట ఆయనే గెలిచాడు.

మొగులయ్య ఇంటికి పోయి, "ఏం గాదట" అని చెప్పాడు. లలితమ్మ గౌరిని ఎక్కడికీ తోలలేదు.

సోమవారం తెల్లవారుతుండగా బండ్లు వచ్చాయి. లలితమ్మ పాలు పిండుతోంది. లారీలు గల్లీ మొదట్లో ఆపి, తాళ్ళు పట్టుకుని మనుషులు కొట్టంలోకి దిగారు. వెనక గోడ పడగొట్టే మిషన్. మొగులయ్య గొంతు గల్లీ మొత్తం వినపడుతోంది. ఒకడి చేతిలో తాడు గుంజుకున్నాడు, ఇంకొకణ్ణి తోశాడు. పోలీసులు ఆయన్ను పట్టుకున్నారు. పెనుగులాడుతూ గల్లీ మొదటిదాకా వచ్చినవాడు, ఉన్నట్టుండి ఆగిపోయాడు.

లారీ వెనక జీపు ఉంది. ముందు సీట్లో రావు సాబ్. ఒళ్ళో కాగితాలు. తల వంచుకుని వాటినే చూస్తున్నాడు.

మొగులయ్య ఆయన్ను పిలవలేదు, తిట్టలేదు. అప్పటిదాకా అరుస్తున్న మనిషి నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాడు. పోలీసులు కూడా ఇక పట్టుకోవాల్సిన అవసరం లేదని చేతులు వదిలేశారు. రావు సాబ్ తల ఎత్తనే లేదు. ఆ మెడ వంపు నాకు బాగా తెలుసు. ఎదుటివాడు తప్పు ఎత్తు వేశాక ఆగే మనిషి మెడ అది.

లోపలి నుంచి బర్రెల్ని ఒక్కొక్కదాన్ని లారీ ఎక్కిస్తున్నారు. లలితమ్మ గౌరి మెడ పట్టుకుని వదల్లేదు. "సూడిబర్రె, ఇయ్యాల్నో రేపో ఈనుతది, దీన్ని ఇడువుండ్రి బిడ్డా" అని ఆ కూలీల కాళ్ళావేళ్ళా పడుతోంది. వాళ్ళేం చేస్తారు. చెప్పిన పని చేస్తున్నారు. వాలుగా వేసిన చెక్క మీద గౌరి కాలు జారి, పొట్ట చెక్క అంచుకు కొట్టుకుని పక్కకు పడింది. మళ్ళీ లేపి ఎక్కించారు. ఆ దినం సాయంత్రానికి పశువుల దొడ్డిలో చచ్చిన దూడను ఈని, కాసేపటికి తనూ పోయింది. మేం వెళ్ళేసరికి లలితమ్మ దాని పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది.

మర్నాడు సాయంత్రం లలితమ్మ నా షాపుకు వచ్చి, "ఆటో మాట్లాడు కిష్టయ్యా, సైదాబాద్ పోవాలె" అన్నది. మొగులయ్యను పిలవలేదు. ఒక్కదాన్ని పంపడం మంచిది కాదని నేనూ ఎక్కాను. శనివారం రావు సాబ్ ఏమన్నాడని ఆమె అడిగితే, విన్నది విన్నట్టు చెప్పాను. దారి పొడుగునా ఆమె తిట్టింది రావు సాబ్‌ను కాదు, మొగుణ్ణి.

"గీయన, గీయన దోస్తాన్. ఏం గాదట అని వచ్చి చెప్తడా నాకు? ఆయన ఏం గాదు అన్లే గద. అన్నీ అయితయా అన్నడు. గా మాట నాకు అట్లనే చెప్తే నాకు సమజ్ గాకపోవునా? ఈయనకేమో దోస్తు మాట తేనె లెక్క ఇనవడ్డది."

తలుపు రాధమ్మ తీసింది. ఆమెకు ఏమీ తెలియదని మొహం చూడగానే అర్థమైంది. "రండి లలితమ్మా, చెప్పకుండా వచ్చారే, కూర్చోండి" అంటూ కుర్చీ జరిపింది. లలితమ్మ కూర్చోలేదు. లోపలి గదిలోంచి రావు సాబ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, మీరు ఆపాలని నేనన్లే" అన్నది లలితమ్మ. గొంతు పెంచలేదు. "సర్కారు పని మీతోని ఆగదు, గది నాకూ ఎరికె. గోడ కూలగొట్టుండ్రి, కొట్టం తీస్కపోండ్రి. నేను అడిగేది ఒక్కటే. ఆయన మిమ్ముల అడిగిండు గద. ఊకుండక అడిగిండు. గప్పుడు మీరు అన్నీ అయితయా అనకున్న బాగుండు. ఏం మాట్లాడకున్న బాగుండు. మీరు మాట్లాడకపోతే నేను గౌరిని చెల్లె కాడికి తోలుకపోదును."

"చూడమ్మా, ఆఫీసు విషయాలు..." అని రావు సాబ్ మొదలుపెట్టాడు.

రాధమ్మ భర్త వైపు తిరిగింది. "గౌరికి ఏమైంది?" అని అడిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీరు అక్కడున్నారా?"

"ఇవన్నీ ఇంట్లో ఎందుకు రాధా."

"ఉన్నారా, లేదా?"

"జీపులో ఉన్నాను."

రాధమ్మ జరిపిన కుర్చీలో తనే కూర్చుండిపోయింది. లలితమ్మ చెంగు బిగించుకుని, "రేపటి సంది పాలు రావు. ప్యాకెట్ తెచ్చుకోండ్రి" అని మెట్లు దిగింది.

ఆ తర్వాత లలితమ్మ చాలా రోజులు మొగులయ్యతో మాట్లాడలేదు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే గోడకు చెప్పినట్టు నాతో చెప్పేది, ఆయన పక్కనే ఉండి వినేవాడు. దొడ్డి నుంచి విడిపించుకున్న బర్రెల్లో సగం అమ్ముకుని, మిగిలినవాటిని జల్‌పల్లికి తోలుకుపోయారు. మొగులయ్య పాత స్కూటరు ఒకటి కొని, రోజూ అక్కడి నుంచి పాతబస్తీకి క్యాన్లు తెచ్చేవాడు. అప్పటికే చాలా హోటళ్ళు ప్యాకెట్ పాలకు మారిపోయాయి. దారి పొడుగు వల్ల ఎండాకాలంలో పాలు విరిగేవి. ఒక్కోనాడు విరిగిన క్యాను పట్టుకుని నా అరుగు మీద కూర్చునేవాడు. ఆట ఆడదామని ఎవరన్నా అంటే వాళ్ళ మీదికి లేచేవాడు. మునుపు ఆయన కోపం తాటాకు మంటలా ఎగిసి ఆరిపోయేది. ఇప్పుడది పిడక నిప్పులా లోపల్లోపలే రగులుతుండేది.

గల్లీలో మాత్రం, "ఆయన డ్యూటీ ఆయన చేసిండు, తప్పేమున్నది" అన్నవాళ్ళు చాలామంది. వాళ్ళెవరూ బర్రెను కాసినవాళ్ళు కాదు. వాళ్ళెవరి ఇంట్లోనూ రావు సాబ్ కర్ఫ్యూ రోజులు గడపలేదు.

ఏడాది గడిచాక ఒక శనివారం సాయంత్రం శ్రీహరిరావు వచ్చాడు. చంకలో బోర్డు, చేతిలో పావుల డబ్బా. నన్ను చూసి తల ఊపి, ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చున్నాడు. నేను పలకరించలేదు. కాసేపటికి మొగులయ్య స్కూటరు వచ్చింది. ఖాళీ క్యాన్లు చప్పుడు చేస్తూ ఆగాయి. పక్క షాపుల వాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు, కొట్టుకుంటారని.

మొగులయ్య వచ్చి ఎదురుగా కూర్చుని, పావులు పేర్చడం మొదలుపెట్టాడు. రావు సాబ్ మొహంలోకి రక్తం వచ్చింది. "దేశీ ఆట ఆడదామా?" అని అడిగాడు. మొగులయ్య బంటు జరిపాడు. కొన్ని ఎత్తులు నడిచాయి. తర్వాత రావు సాబ్ ఒంటె కోసం చెయ్యి చాపితే, మొగులయ్య తన అరచెయ్యి బోర్డు మీద పరిచాడు.

"ఆగు. ఎన్నడు తెలిసింది నీకు?"

అన్నాళ్ళలో ఆయన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"ఏంటండీ?"

"బండ్లు వస్తయని. ఎన్నడు తెలిసింది? చెప్పినంక జరుపు."

"ఇక్కడ ఇవేవీ మాట్లాడుకోకూడదని మీరే అన్నారుగా."

"గా కాయిదా పెట్టింది నేను. నేనే తీసేసిన. చెప్పు."

రావు సాబ్ కళ్ళద్దాలు తీశాడు. "దసరా ముందు తెలిసింది."

మొగులయ్య చెయ్యి తీశాడు. ఆయన ఒంటెను జరిపాడు. మొగులయ్య తన ఎత్తు వేసి మళ్ళీ చెయ్యి పరిచాడు.

"సదర్ పండగకు బిడ్డను తీస్కొని వచ్చినవ్. దున్న పక్కన నిలవెట్టి ఫోటో తీసినవ్. గప్పుడు ఎరికెనా?"

"తెలుసు."

మళ్ళీ ఒక ఎత్తు.

"గౌరి సూడిమీద ఉన్నదని ఎరికెనా?"

"ఉదయశ్రీ చెప్పింది."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే నా ఉద్యోగం పోయేది మొగులయ్యా."

"నువ్వు చెప్పినవని నేను ఎవనికన్న చెప్తనా?"

రావు సాబ్ గొంతు పెరగడం ఆ ఒక్కసారే విన్నాను. "చెప్పరు. కానీ ఊరుకునేవారూ కాదు. మీ కోపం నాకు తెలియదా? తెల్లారేసరికి గల్లీ అంతటినీ కూడగట్టి రోడ్డు మీద కూర్చునేవారు. ఎవరు చెప్పారని పైవాళ్ళు అడిగేవారు. మీ స్నేహితుడెవరో మా ఆఫీసులో అందరికీ తెలుసు. బోర్డు దగ్గర మీరు వేరు, బయట వేరు. బయట మిమ్మల్ని నమ్మి ఒక మాట చెప్పడం ఎవరి వల్లా కాదు."

మొగులయ్య బోర్డు వైపు చూశాడు. ఇప్పుడు కొడతాడనుకున్నాను. కొడితే ఆపకూడదని కూడా అనుకున్నాను.

"నా కోపం నీకు ఎరికె" అన్నాడు చివరికి. "కర్రలు పట్టుకొని నీకు అడ్డం నిలవడ్డప్పుడు గా కోపమే గద నిన్ను ఇంట్లకు తెచ్చింది. గప్పుడు మంచిగున్నది నా కోపం. నా బర్రె కాడికి వచ్చేసరికి చెడ్డదయింది."

మొగులయ్య లేచి నిలబడ్డాడు.

"గీ ఆట నువ్వే ఆడుకో. రెండు దిక్కుల నువ్వే ఆడుడు నీకు అలవాటే గద."

స్కూటరు తన్ని, క్యాన్లు మోగించుకుంటూ వెళ్ళిపోయాడు. రావు సాబ్ కూర్చునే ఉన్నాడు. కొంతసేపయ్యాక పావులు ఒక్కొక్కటి డబ్బాలో వేస్తూ, "నేను తప్పు చేశానంటారా కృష్ణయ్యగారూ?" అని అడిగాడు. అంత మర్యాదగా అడిగినందుకు నాకు మరింత మండింది. "అరుగు ఖాళీ చేయండి సార్, బట్టలు పెట్టుకోవాలె" అన్నాను.

ఆ తర్వాత ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. రిటైరై మళ్ళీ సైదాబాద్ వచ్చాడని విన్నాను. రెండువేల ఎనిమిదిలో రాధమ్మ ఒక్కతే మా షాపుకు వచ్చింది. ఉదయశ్రీ పెళ్ళి కుదిరిందట. పసుపు రాసిన కార్డు నా చేతిలో పెట్టి, "జల్‌పల్లి దారి నాకు తెలియదు. మీరు ఇవ్వగలరా? వాళ్ళు రాకపోయినా నేనేమీ అనుకోను" అన్నది. ఆమెకు జుట్టు పూర్తిగా నెరిసింది. కార్డు తీసుకున్నాను.

ఆదివారం జల్‌పల్లి వెళ్ళాను. మొగులయ్య కార్డు చూడగానే దాన్ని దాణా తొట్టి మీద పడేసి, "ఎవడు పోతడు" అని తిట్లు మొదలుపెట్టాడు. లలితమ్మ కార్డు తీసి పైట చెంగుతో తుడిచింది.

"నేను పోత" అన్నది.

"సిగ్గు లేదా నీకు?"

"పిల్ల ఏం చేసింది? దూడ పుట్టిందంటే ఎండల ఉరికొస్తుండె. దానికి అక్షింతలేసి వస్త. నువ్వు రావాలని నేనన్లే."

పెళ్ళికి నేను, లలితమ్మ అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి వెళ్ళాం. ఆమె ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుంది. పెళ్ళిపందిట్లో నేరుగా పీటల దగ్గరికి పోయి అక్షింతలు వేసి, ఉదయశ్రీ తల నిమిరింది. పిల్ల గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని వదల్లేదు. రావు సాబ్ దూరం నుంచి చూసి, నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. లలితమ్మ ఆయన వైపు చూడలేదు. మేం గేటు దాటుతుంటే రాధమ్మ పరుగున వచ్చింది.

"తిని వెళ్ళండి లలితమ్మా. ఒక్క ముద్ద."

"ఇయ్యాల నాకు ఒక్కపొద్దు అమ్మా" అన్నది లలితమ్మ.

రాధమ్మకు అది అబద్ధమని తెలుసు. బలవంతం చేయలేదు. బస్సు వచ్చేదాకా ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు.

నేను ఆమెను జల్‌పల్లి దాకా దింపాను. మొగులయ్య గడ్డిమోపు విప్పుతున్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి అటు తిరిగే అడిగాడు, "ఏం వండిన్రు?"

"నేను తిన్లే."

"ఆడిదాక పోయి తినకుంట వచ్చినవా?" మొగులయ్య మోపు కింద పడేశాడు. "బస్సులల్ల, ఎండల, ఖాలీ కడుపుతోని. నీకేమన్న అకల్, తెలివి ఉన్నదా?"

"వాని అన్నం నేనెట్ల తింట?"

"మరి ఎందుకు పోయినవ్?"

"పోవాలనిపించింది, పోయిన."

ఆయన ఇంకా ఏవో తిడుతూనే పొయ్యి దగ్గరికి పోయి, అన్నం గిన్నె మూత తీసి, పళ్ళెం ఆమె ముందు పెట్టాడు. నాకూ ఒకటి పెట్టాడు. ఆమె తింటున్నంతసేపూ ఆయన తిట్టడం ఆపలేదు.